ఇరవై ఏడో ప్రశ్న

సహాయ కేంద్రం, మూడో అంతస్తు,
పాత ఫైళ్ల గది.
జూన్ 10

మూడో నంబరు కిటికీని ముప్ఫై ఏళ్లు ఎదురులేకుండా ఏలిన అత్తయ్యగారి సముఖానికి,

మేనల్లుడు వంగి వంగి రాయునది. వంగింది వినయంతో కాదు, నాకిచ్చిన కుర్చీకి కుడివైపు చక్రం లేదు. అక్షరాలు వాలితే నా పెంపకాన్ని అనుమానించకు. ఆ పెంపకం నీదే.

నువ్వు పనిచేసిన ఆఫీసులోనే నాకు ఉద్యోగం వచ్చిందని ఫోన్లో అరిచి చెప్తే, "నోటిమాట ఫైల్లో ఉండదు, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. కాబట్టి రాతపూర్వకంగా విన్నవించుకుంటున్నాను.

ఒంటరిగా పనులు చేసుకోలేనివాళ్ల ఇంటికి వారానికి ఒకసారి సాయానికి మనిషిని పంపే పథకం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సాయం కావాలంటే పదకొండు పేజీల ఫారం నింపాలి. నిరుడు నాలుగొందల మంది ఫారం పట్టుకెళ్లారు. నింపి తెచ్చింది అరవై మంది. మిగతా మూడొందల నలభై మందికీ దారిలోనే ఒళ్లు బాగైపోయిందని మా సూపరింటెండెంటుగారి నమ్మకం. డైరెక్టరు మేడమ్‌కి మాత్రం నమ్మకం కుదరక, "సాయం కావలసినవాళ్లనే కూర్చోబెట్టుకుని, వాళ్లతో కలిసి ఈ పథకాన్ని మళ్లీ తయారుచెయ్" అని నన్ను పెట్టుకున్నారు. గడువు నవంబరు ఆఖరు. ఆ రోజు ఫారాన్ని మార్చాలో, నన్ను మార్చాలో తేలుస్తారు.

నాకిచ్చిన ఆయుధాలు: అట్టలు, కత్తెర, జిగురు, రంగు దారం ఉండలు, ఎర్రచుక్కల, పచ్చచుక్కల స్టిక్కర్లు. డిగ్రీ పట్టా మీద ఇప్పటికే ఒక జిగురు మరక పడింది.

అత్తయ్యా, ఆ ఫారం నువ్వెప్పుడైనా మొత్తం చదివావా? ఇరవై ఏడో ప్రశ్న చూడు. "మీకు సాయం చేసేవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు / లేరు." ఉన్నారంటే ఫారం తిప్పి పంపేస్తారు. లేరు అని రాయాలంటే ఫారం తీసుకునే మనిషి ముందు ఒక అరగంట కూర్చుని ఏడవాలి. దీన్ని రాసిన మహానుభావుడెవరో గాని, జన్మలో మనుషుల మొహం చూసినట్టు లేదు. సూపరింటెండెంటుగారు మాత్రం ఆ ఫారాన్ని గుండెకి హత్తుకుని, "ఇందులో ఒక్క కామా కదిపినా ఊరుకోను" అన్నారు. నేను కామాల జోలికి పోనని మాటిచ్చాను. మిగతావాటి సంగతి చెప్పలేదు.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పక్క వాటాలోకి ఎవరైనా వచ్చారా?

ఇట్లు, ఒరిగి ఉన్న నీ
మేనల్లుడు


రెండో అంతస్తు, వీధివైపు వాటా.
జూన్ 19

గడుగ్గాయికి,

నీ ఉత్తరంలోని అంశాలకు వరసగా జవాబులు.

ఒకటి. మోకాళ్లు రెండూ ఉన్నాయి.

రెండు. పక్క వాటా ఏడాదిగా ఖాళీగానే ఉంది. తాళం తుప్పు పట్టింది.

మూడు. ఆ ఫారం నేను చదివాను. ఇరవై ఏడో ప్రశ్న రాసినవాళ్లు మనుషుల్ని చూడలేదని నీకెవరు చెప్పారు? ఆ రోజుల్లో ఒకాయన ఉండేవాడు. నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్లు, ఇంటినిండా జనం. కేంద్రం పంపిన మనిషిని ఆయన తన కుక్కని తిప్పడానికి వాడుకున్నాడు. అదే వీధిలో మంచం దిగలేని ఒకావిడ పద్నాలుగు నెలలు తన వంతు కోసం ఎదురుచూసింది. ఆ ప్రశ్న అందుకు పుట్టింది. ఒకదాన్ని వెక్కిరించేముందు అదెందుకు పుట్టిందో కనుక్కోవాలి.

నాలుగు. కుర్చీ చక్రం కోసం రెండు కాపీల్లో అర్జీ పెట్టు. ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో.

అత్తయ్య


పాత ఫైళ్ల గది.
జూలై 8

అంశాలవారీగా అక్షింతలు వేయగల అత్తయ్యకు,

మొదటి సభ దిగ్విజయంగా మునిగింది.

ఇరవై రెండు మంది వచ్చారు. గోడకి పెద్ద కాగితం అంటించి, ఫారం తీసుకోవడం దగ్గర్నుంచి ఇంటికి మనిషి రావడం దాకా ఒక్కో మెట్టూ బొమ్మలు వేశాను. బాగున్నచోట పచ్చచుక్క, బాగులేనిచోట ఎర్రచుక్క అంటించండి అని ఒక ప్రసంగం చేశాను. అందులో 'భాగస్వామ్యం' అనే మాట ఏడుసార్లు వచ్చింది. పావుగంటలో గోడంతా పచ్చిక బయలైపోయింది. ఎర్రచుక్కల పొట్లం ఎవరూ విప్పనేలేదు.

వరండాలో బెంచీ గుర్తుందా? దానికిప్పుడు మూడే కాళ్లు. నాలుగోది రెండు ఇటుకలు. దానికీ పచ్చచుక్కే పడింది. అంటించినాయన నెల క్రితం ఆ బెంచీ మీంచే పడ్డాడు.

సూపరింటెండెంటుగారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుని, ఒక్కో పచ్చచుక్కకీ ఒక్కోసారి తలూపారు. "చూశావుటయ్యా, ఎంత సంతృప్తిగా ఉన్నారో! అనవసరంగా జిగురు తగలేశావు" అన్నారు.

అందరూ వెళ్లాక ఒకావిడ వెనక్కి వచ్చింది. వాళ్లమ్మాయి చక్రాల కుర్చీలో తిరుగుతుంది, నాతో అట్టలు కత్తిరించింది ఆ పిల్లే. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి గొంతు తగ్గించి, "బాబూ, అన్నీ సరిగ్గానే అంటించానుగా? మా పిల్లకి వచ్చే సాయం ఆపరుగా?" అని అడిగింది.

ఆపరండీ అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. గోడంతా పచ్చగా నన్నే చూస్తోంది. నవ్వొచ్చేట్టు రాద్దామనుకున్నాను గాని, ఇక్కడికొచ్చేసరికి నాకే నవ్వు రావట్లేదు అత్తయ్యా. ఏం చెయ్యమంటావు?

పచ్చగా ఓడిపోయిన
మేనల్లుడు


వీధివైపు వాటా.
జూలై 20

గడుగ్గాయికి,

నువ్వు చేసిన తప్పు బాగా చదువుకున్నవాళ్లకే సాధ్యం. సాయం ఇచ్చేవాణ్ణి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ సాయం ఎలా ఉందని అడిగావు.

ముప్ఫై ఏళ్లలో నా కిటికీ దగ్గరకొచ్చి "నాకు సాయం కావాలి" అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. "మా పక్కింటావిడకండీ" అనేవాళ్లు. మోచేతికి కట్టుతో వచ్చిన మనిషి, "మా పక్కింటావిడ స్నానాలగదిలో పడిందండీ, పాపం" అని చెప్పేది. నేను ఆ కట్టు చూడనట్టే ఉండి, "పాపం, మీ పక్కింటావిడకి ఎన్ని గదులు?" అని అడిగేదాన్ని. అంతే, తీగ లాగినట్టు అన్నీ వచ్చేసేవి. ఎన్ని గదులు, ఎన్ని మెట్లు, కుళాయి ఎటు తిరుగుతుంది, అన్నం ఎన్నింటికి తింటుంది. ఆఖర్న రెండు ఫారాలిచ్చి, "ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది" అనేదాన్ని. పక్కింటావిడ ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

కాబట్టి వాళ్ల గురించి వాళ్లని అడగకు. పక్కింటావిడ గురించి అడుగు. సూపరింటెండెంటుని బయటకి పంపించు. వాడు నాలుగో కిటికీలో కూర్చుని నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మంచివాడు. టీ అంటే కదులుతాడు.

ఇంకొక సంగతి. ఇరవై ఏడో ప్రశ్న రాసింది నేనే. ఆ ఫారం మొత్తం నేనే రాశాను.

మనుషుల మొహం చూశాను.

అత్తయ్య


పాత ఫైళ్ల గది, బల్ల కింద.
ఆగస్టు 25

ప్రశ్నపత్ర నిర్మాతా, క్షమాగుణ సంపన్నురాలూ అయిన అత్తయ్యకు,

నెల రోజులుగా బల్ల కిందే ఉన్నాను. సిగ్గు తగ్గాక పైకొస్తాను. ఇక్కడ ఇంకో లాభం ఏమిటంటే కుర్చీ అక్కర్లేదు.

ఇంతకీ నీ పక్కింటావిడ మమ్మల్ని గట్టెక్కించింది.

అట్టతో నిలువెత్తు మనిషిని కత్తిరించి గోడకి ఆనించాను. కళ్లజోడు పెట్టాను, ముడి వేశాను. ఎందుకో నీ పోలిక వచ్చింది. అది యాదృచ్ఛికమని నమ్మ ప్రార్థన. "ఈవిడ మన పక్కింటావిడ. ఒక్కతే ఉంటుంది. ఇంతకుమించి నాకేం తెలీదు, మీరే చెప్పాలి" అన్నాను. సూపరింటెండెంటుగారు అప్పటికే టీకి వెళ్లారు. నువ్వు చెప్పింది నిజం, పిలవకముందే లేచారు.

ముందుగా, వచ్చినవాళ్లలో ఒక ముసలి దర్జీ, మేమంతా దర్జీ తాత అంటాం, గొంతు సవరించుకున్నాడు.

"డెబ్బై రెండుంటాయి ఈవిడకి. ఎడమ మోకాలు పోయింది."

"పోనీండి, కుడిది బావుందిగా" అంది చక్రాల కుర్చీ పిల్ల తల్లి.

"ఎక్కడ బావుంది? మెట్లెక్కేటప్పుడు చూశారా మీరు?"

"నాకు తెలీదూ? మా పక్కింట్లోనే ఉంటుంది!"

"మా పక్కింట్లోనూ ఉంటుందమ్మా! పొద్దున్నే మొహం కడుక్కోవడానికి ముప్పావుగంట!"

అత్తయ్యా, అట్టముక్క కోసం ఇరవై రెండు మంది దెబ్బలాడుకోవడం నీ మేనల్లుడు కళ్లారా చూశాడు.

తర్వాత ఒక పొడుగాటి కాగితం చుట్ట నేల మీద పరిచి, అది పక్కింటావిడ రోజు అన్నాం. ఒక కొస పొద్దున్న, రెండో కొస రాత్రి. పెద్ద గుండీ పెట్టినచోట ఆవిడ ఒక్కతే చేసుకోలేదు. చిన్న గుండీ పెట్టినచోట చేసుకుంటుంది గాని, అది చేసేసరికి పొద్దుపోతుంది. నేను కొన్న గుండీలు చూసి దర్జీ తాత, "ఇవి గుండీలు కావు, బిళ్లలు" అని, మర్నాడు తన రేకుడబ్బా తెచ్చాడు. మెట్ల దగ్గరా, స్నానం దగ్గరా పెద్ద గుండీలు గుట్టపడ్డాయి. సాయంత్రం నాలుగింటి దగ్గర ఎవరో ఒకే ఒక్క పెద్ద గుండీ పెట్టి వెళ్లారు. ఆ టైముకి ఏం పని అని అడిగితే, "పనేం లేదు. మాట్లాడటానికి" అన్నారు వెనకనుంచి.

దర్జీ తాత అన్నాడూ, "చొక్కా కుట్టాలంటే మనిషిని రమ్మంటాం బాబూ, ఫారం పంపుతామా? చెయ్యెత్తండి అంటాం. ఎంతవరకు లేస్తుందో అప్పుడే తెలిసిపోతుంది."

ఆఖర్న నీ ప్రశ్న చదివాను. అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు. ఉన్నారని రాస్తే సాయం రాదు, లేరని రాయడానికి చెయ్యి రాదు. సరే, ఉన్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో దారంతో చూపించండి అన్నాను. ఒకరి దారం పక్క కుర్చీదాకా. దర్జీ తాతది గుమ్మం దాటి వరండా అంతా పాకి, సూపరింటెండెంటుగారి బల్ల కాలికి ముడిపడింది. వాళ్లబ్బాయి ఓడలో పని చేస్తాడు. చక్రాల కుర్చీ పిల్ల తల్లి మాత్రం దారం ఎక్కడికీ తీసుకెళ్లలేదు. తన వేలికే ఉండలా చుట్టుకుంది. "మా ఆయన ఇంట్లోనే ఉంటాడు. నేను లేచేసరికి డ్యూటీ దిగి పడుకుంటాడు. ఎంత దూరమని కట్టను?"

అప్పుడే ఆ రోజు టీ ముగించుకుని సూపరింటెండెంటుగారు వచ్చారు.

"ఏమిటయ్యా ఈ దారం?"

"తొక్కకండి సార్! అక్కడ ఓడ ఉంది!" అని ఇరవై రెండు గొంతులు ఒక్కసారి.

ఆయన ఆ ఓడని దాటుకుంటూ వెళ్లి కూర్చున్నారు. కానీ ఫారం ఇంకా గుండెకి హత్తుకునే ఉంది, గడువు ఇంకా మూడు నెలలే ఉంది.

నీకు తెలిసిన పక్కింటావిడ ఎవరైనా ఉంటే రాసి పంపు, గోడకి పెడతాను. నీ అక్షరాలు ఈమధ్య లావెక్కాయేమిటి?

మేనల్లుడు


వీధివైపు వాటా.
సెప్టెంబరు 4

గడుగ్గాయికి,

బల్ల కిందనుంచి బయటకి రా. నడుం పడుతుంది.

పెన్ను మార్చాను. అందుకని అక్షరాలు లావుగా ఉన్నాయి.

పక్కింటావిడ సంగతి అడిగావు, రాస్తున్నాను. ఇక్కడ మా పక్కింటావిడ ఉంది. మార్చిలో మెట్ల మీద జారింది. కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గాని పట్టు రాలేదు. సీసా మూత తియ్యలేదు. అందుకని ఏ సీసాకీ మూత గట్టిగా పెట్టదు. చీమలకి ఆ ఇల్లు బాగా నచ్చింది.

మెట్లు దిగడం తగ్గించింది. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందకి వదుల్తుంది. కింద కొట్టాయన కూరలు వేస్తాడు. ఎడంచేత్తో లాగుతుంది. ఒకసారి బుట్ట మొదటి అంతస్తువాళ్ల కిటికీకి తగులుకుని, సొరకాయ వాళ్లింట్లోకి వెళ్లిపోయింది. వాళ్లు వండుకున్నారు. బాగుందని కబురు కూడా చేశారు.

జడ వేసుకోలేక జుట్టు కత్తిరించేసుకుంది. ఎవరైనా అడిగితే ఇప్పుడిదే ఫ్యాషన్ అంటుంది. నమ్మినవాళ్లు నమ్ముతారు.

ఎవరికీ చెప్పదు. చెప్తే వచ్చి తీసుకుపోతారని. ఈ రెండు గదులూ ఆవిడకి ఇష్టం. వీధి కనిపిస్తుంది.

గోడకి పెట్టుకో.

అత్తయ్య


పాత ఫైళ్ల గది.
సెప్టెంబరు 11

అత్తయ్యా,

ఈసారి బిరుదుల్లేవు.

సొరకాయ దగ్గర నవ్వాను. గోడకి అంటిద్దామని జిగురు కూడా రాశాను. అప్పుడు ఎందుకో నీ దగ్గర నేర్చుకున్న పని చేశాను, పాత ఫైలు తీశాను. జూన్ 19 నాటి ఉత్తరం, అంశం రెండు. "పక్క వాటా ఏడాదిగా ఖాళీగానే ఉంది. తాళం తుప్పు పట్టింది."

నోటిమాట ఫైల్లో ఉండదు. ఉత్తరం ఉంటుంది.

పాపం, మీ పక్కింటావిడకి ఎన్ని గదులు?

మేనల్లుడు


వీధివైపు వాటా.
సెప్టెంబరు 22

నాన్నా,

రెండు గదులు, ఒక వంటిల్లు. ముప్ఫై ఆరు మెట్లు. స్నానాలగదిలో కుళాయి కుడివైపుకి తిరుగుతుంది, అదే ఇబ్బంది. మధ్యాహ్నం అన్నం ఒంటిగంటకి తినేదాన్ని, ఇప్పుడు మూడవుతోంది.

నీకు చెప్పకపోవడం తప్పే. కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నావు అప్పుడు. చెప్తే అన్నీ వదిలేసి వచ్చేస్తావని తెలుసు. ఐదో తరగతి పిల్లాడిగా నా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నీకు నేను చేసిందే గాని, నీ చేత చేయించుకోవడం నాకు అలవాటు లేదు.

ఏప్రిల్లో ఇక్కడి కేంద్రం నుంచి ఫారం తెప్పించుకున్నాను. అన్ని ఊళ్లలోనూ అదే ఫారం, నేను రాసిందే. ఎడంచేత్తో పదకొండు పేజీలూ నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంత పొడుగు ఎందుకు రాశానా అని మూడో రోజు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇరవై ఏడో ప్రశ్న దగ్గరకొచ్చాను. "మీకు సాయం చేసేవారు ఎవరైనా ఉన్నారా?"

నువ్వున్నావు కదా. లేవని ఎలా రాస్తాను? 'ఉన్నారు' అని గుర్తు పెట్టాను.

పది రోజులకి తిరిగొచ్చింది. 'అర్హత లేదు' అని ముద్ర. ఆ ముద్ర నమూనా ఆమోదించింది కూడా నేనే. సిరా కొంచెం ఎక్కువైంది, అంతకుమించి దానిలో తప్పేం లేదు.

నువ్వు జూన్‌లో ఆ ప్రశ్నని వెక్కిరించినప్పుడు అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

నువ్వు రావద్దు. నీ గడువు దగ్గర పడుతోంది.

అత్తయ్య


పాత ఫైళ్ల గది.
సెప్టెంబరు 27

అర్హత లేని అత్తయ్యకు,

పై అధికారి ఉత్తర్వు అందింది. దాన్ని ధిక్కరిస్తున్నాను. రెండు కాపీల్లో ధిక్కరిస్తున్నాను, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను.

బుధవారం సాయంత్రం దిగుతాను. బుట్ట కిందకి వదలకు, మెట్లెక్కే వస్తాను. నిన్ను ఎక్కడికీ తీసుకుపోవడానికి రావట్లేదు. సీసా మూతలు తియ్యడానికి వస్తున్నాను. దారం ఉండ కూడా తెస్తున్నాను.

మేనల్లుడు


వీధివైపు వాటా.
అక్టోబరు 9

గడుగ్గాయికి,

నువ్వు వెళ్లాక ఇల్లు సర్దుకోవడానికి రెండు రోజులు పట్టింది. పప్పు డబ్బాలన్నీ అందేచోట పెట్టానన్నావు. అందేది నీకు. నాకు కాదు. నువ్వు ఆరడుగులున్నావని మర్చిపోయావు. మీ దర్జీ తాత చెప్పినట్టు ముందు నా చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసి ఉండవలసింది.

కుళాయికి నువ్వు బిగించిన పొడుగు పిడి మాత్రం బాగుంది. ఎడంచేత్తో తిరుగుతోంది.

రైల్వే స్టేషన్ దాకా లాగుతానని తలుపు గడియకి దారం కట్టావు చూడు, అది వీధి మలుపు దగ్గరే అయిపోయిందని నువ్వు నవ్వావు. నీ ఊరు పదకొండు గంటల ప్రయాణం. ఆ ముక్క ఇంకా గడియకే ఉంది. తీసెయ్యలేదు.

నువ్వు బుధవారం వచ్చావు. శుక్రవారం దాకా అన్నీ చేశావు. శనివారం బయల్దేరావు. ఆదివారం చేరానని ఫోన్ చేశావు. సోమవారం ఎలా ఉన్నావని చేశావు. మంగళవారం పొద్దున మొదటి అంతస్తువాళ్లు ఇంట్లో లేరు, కొట్టు కట్టేసి ఉంది, నువ్వు ఆఫీసులో ఉన్నావు. పదింటికి నేను కుర్చీలో కూర్చుని తలుపు వైపు చూశాను. నాకు అందరూ ఉన్నారు. ఆ పదింటికి ఎవరూ లేరు.

అప్పుడు నా ప్రశ్నలో తప్పు తెలిసింది. నేను ఉన్నారా అని అడిగాను. ఎప్పుడున్నారని అడగలేదు. అందుకని ఇరవై ఏడో ప్రశ్నని కొట్టేసి మళ్లీ రాశాను.

"మంగళవారం పొద్దున పదింటికి మీ తలుపు తట్టేది ఎవరు?"

నలుగురు కొడుకులున్నవాడు దీనికి అబద్ధం చెప్పలేడు. నాలాంటివాళ్లు నిజం చెప్పడానికి ఏడవక్కర్లేదు. మీవాళ్ల ముందు పెట్టు. వాళ్లు మార్చమంటే మార్చు. ఈసారి నేను ఒక్కదాన్నే రాయదలుచుకోలేదు.

సెప్టెంబరు 22 నాటి నా ఉత్తరం మీ డైరెక్టరు ముందు చదవచ్చా అని వెళ్లేటప్పుడు గుమ్మంలో నసిగావు. చదువు. నా పేరు చెప్పి చదువు. ఆ ఫారం కింద నా పేరు ఎప్పుడూ లేదు. ఈసారి ఉండనీ.

అత్తయ్య


పాత ఫైళ్ల గది (బోర్డు మారుస్తారట, కింద చూడు).
నవంబరు 28

ప్రశ్నల మహారాణి అత్తయ్యగారి సముఖానికి,

బిరుదులు పునరుద్ధరించడమైనది.

ముందు మావాళ్ల తీర్పు. నీ ప్రశ్న చదవగానే దర్జీ తాత, "కొలత తీసినట్టుంది" అన్నాడు. 'తట్టేది' బదులు 'తీసేది' అని ఉండాలని ఒకాయన పట్టుబట్టాడు. అప్పుడు చక్రాల కుర్చీ పిల్ల నోరు విప్పింది. ఇన్నాళ్లూ కత్తెర ఆడించడమే తప్ప ఏమీ మాట్లాడని పిల్ల. "తలుపు నేనే తీస్తాను. తట్టేవాళ్లే కావాలి" అంది. ఇక ఎవరూ మార్చమనలేదు.

నిన్న ఆఖరి సభ. డైరెక్టరు మేడమ్, సూపరింటెండెంటుగారు, మావాళ్లు ఇరవై రెండు మందీ, అట్ట పక్కింటావిడా. ఈసారి ఆయన్ని టీకి పంపలేదు. గుండీలతో సహా కాగితం చుట్ట పరిచాం, దారాలు కట్టాం. మావాళ్లు ఎర్రచుక్కల పొట్లం అడిగి తీసుకున్నారు. బెంచీకి మొత్తం పంతొమ్మిది పడ్డాయి.

సూపరింటెండెంటుగారు లేచి, "అన్నీ బాగానే ఉన్నాయి మేడమ్. కానీ ఈ ఫారం రాసినావిడ ఎంత ఆలోచించి రాశారో నాకు తెలుసు. నాకు పని నేర్పింది ఆవిడే. ఆవిడ రాసింది ఇంతమంది కలిసి గీకేస్తుంటే చూస్తూ ఊరుకోలేను" అన్నారు.

నేను నీ ఉత్తరం తీశాను. పేరు చెప్పి చదివాను. 'నువ్వున్నావు కదా' దగ్గర కాగితం పక్కకి అందించేశాను, మిగతాది చక్రాల కుర్చీ పిల్ల తల్లి చదివిపెట్టింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ తీశారు.

"ఆవిడ ఫారం తిప్పి పంపామా?"

"పంపాం సార్."

"మన ముద్రే?"

"మన ముద్రే సార్. సిరా కొంచెం ఎక్కువైందిట."

ఆయన గుండెకి హత్తుకున్న ఫారాన్ని బల్ల మీద పెట్టారు. నెమ్మదిగా ఇరవై ఏడో ప్రశ్న కొట్టేసి, నీ కొత్త ప్రశ్నని తన చేత్తో రాశారు. రాసి నాకేసి చూసి, "కామా ఎక్కడ పెట్టాలో ఆవిణ్ణి అడిగి చెప్పు" అన్నారు.

పదకొండు పేజీలు పోయాయి. ఇకనుంచి రెండు పేజీలు, ఒక కాగితం చుట్ట, ఒక పొట్లం గుండీలు. రాయలేనివాళ్లు గుండీలు పెట్టి చూపిస్తే చాలు. ముందు రెండు ఊళ్లలో మొదలుపెడతారు. ఒకటి ఇది. రెండోది ఏదో సూపరింటెండెంటుగారే నిర్ణయించారు, నన్నడగలేదు, నీ ఊరు ఆయనకెలా గుర్తుందో నాకు తెలీదు.

నన్ను మార్చలేదు. ఇంకో ఏడాది ఉంచారు. ఈ గదికి 'పక్కింటావిడ గది' అని బోర్డు పెడతారట. కుర్చీకి చక్రం కూడా వేయించారు. ఇప్పుడు ఎడమవైపుకి ఒరుగుతోంది.

నీ పొట్లం విడిగా పంపాను. గుండీలు దర్జీ తాత డబ్బాలోవి, బిళ్లలు కావు.

మేనల్లుడు


వీధివైపు వాటా.
డిసెంబరు, మంగళవారం పొద్దున

గడుగ్గాయికి,

పొట్లం అందింది. నాలుగు రోజులు పట్టిన పని ముప్పావుగంటలో అయిపోయింది. మెట్ల దగ్గర పెద్దది పెట్టాను. స్నానం దగ్గర చిన్నది, నీ పిడి పుణ్యమా అని. సాయంత్రం నాలుగింటి దగ్గర కూడా ఒకటి పెట్టాను. మొదట చిన్నది పెట్టి, తర్వాత ఎవరూ చూడట్లేదు కదా అని పెద్దది పెట్టాను.

ఇరవై ఏడో ప్రశ్నకి 'ఎవరూ లేరు' అని రాశాను. చెయ్యి ఆగలేదు. నువ్వు లేవని కాదు, పదింటికి లేవని. రెండూ వేరని ఆ కాగితానికి ఇప్పుడు తెలుసు.

పోయినవారం కేంద్రం నుంచి సాయానికి వచ్చే మనిషే ఫోన్ చేసింది. యాభై ఏళ్లావిడట, ఇదివరకు ఆస్పత్రిలో ఆయాగా చేసిందట. ఈ మంగళవారం నుంచి వస్తుంది. బుట్ట సంగతి చెప్తే పకపకా నవ్వింది. బుట్ట ఉండనిమ్మంది, తను నా పక్కన ఉంటుందట, నేనూ తాడు లాగాలిట, ఇద్దరం కలిసి లాగితే సొరకాయ దారి తప్పదట. మనిషి నచ్చేట్టే ఉంది. ఇంకా చూడలేదు.

మీ సూపరింటెండెంటుకి చెప్పు, ఆ ప్రశ్నలో కామా అక్కర్లేదు. ఎక్కడా ఆగకుండా చదవాలి. జుట్టు మళ్లీ పెంచమని నువ్వు అడగకు, నిజంగానే బాగుందని కింద కొట్టాయన అన్నాడు.

గడియకి నువ్వు కట్టిన దారం పొద్దున విప్పాను. తలుపు తీసేటప్పుడు అడ్డం వస్తుందని. పారెయ్యలేదు, ఉండ చుట్టి గుండీల పొట్లంలో పెట్టాను.

గడియారంలో పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఎవరో తలుపు తడుతున్నారు.

పదింటికని రాసి ఉంటే ముందే వచ్చేయడమేమిటి! వెళ్లి చెప్పాలి.

అత్తయ్య